ఊగని రాయి

రాయిని రెండు అరచేతులతో, భుజం ఎత్తున, ఒక్కసారి తోయాలి. ఊగితే దించి, పేరు పైకి కనపడేలా నేలమీద పడుకోబెట్టాలి. ఊగకపోతే వదిలేసి పక్కదాని దగ్గరికి పోవాలి. అంతే పని. సూపర్‌వైజరు పొద్దున్నే గేటు దగ్గర నిలబడి చేతులు గాల్లో పెట్టి మరీ చూపించాడు, ఎదురుగా కంటికి కనపడని తలుపేదో ఉన్నట్టు.

"గుద్దకూడదు. భుజం పెట్టకూడదు. ఊపి ఊపి చూడకూడదు. మామూలు మనిషి చెయ్యి వేస్తే ఎంత బరువు పడుతుందో అంతే. అర్థమైందా?"

తోటమాలి తలూపాడు. పక్కనున్న బామ్మర్ది మాత్రం, "మామూలు మనిషంటే నాలాంటోడా సార్, మా బావలాంటోడా?" అని అడిగాడు. బామ్మర్ది అక్కడ గడ్డి మిషను నడుపుతాడు. సన్నటి ఒళ్ళు, పెద్ద నోరు. తోటమాలి అన్నిటా అతన్ని తిరగేసినట్టు ఉంటాడు.

అది పాత స్మశానం. కొత్తగా ఎవరినీ పూడ్చడం ఎప్పుడో మానేశారు. చెట్లు పెరిగి, దారులు పడి, బెంచీలు వచ్చి, పార్కులా తయారైంది. ఊళ్ళోవాళ్ళు సమాధుల తోట అంటారు. పొద్దున్న నడిచేవాళ్ళు వస్తారు, ఎండెక్కాక చూసిపోయేవాళ్ళు వస్తారు. సమాధి వెతుక్కుంటూ వచ్చేవాళ్ళు బహు తక్కువ. ఈమధ్య ఒకాయన పరుగెత్తుతూ పరుగెత్తుతూ బూటు లేసు కట్టుకుందామని ఒక రాయికి ఆనుకున్నాడు. రాయి ఆయన పాదం మీద పడింది. ఆయన ఏడ్చిన ఏడుపు పైవాళ్ళ దాకా వెళ్ళింది. అందుకని ఈ పని.

పైన మిట్ట మీదవి పెద్ద సమాధులు. స్తంభాలు, గొలుసులు, గూళ్ళు. వాటి మధ్య రెక్కలున్న తెల్ల రాతిబొమ్మ ఒకటి ఉంది. ఎవరో గుసగుసగా చెబుతుంటే వినడానికి వంగినట్టు ఒక పక్కకి బాగా ఒరిగింది. తోటమాలి దాని దగ్గర ఆగి చేతులు ఎత్తాడు.

"దాన్ని ముట్టుకోకు," అన్నాడు సూపర్‌వైజరు. "గేటు బోర్డు మీద ఉన్న బొమ్మ అదే. వెనక కర్ర ఆనిస్తారు."

"ఊగుతోంది సార్. కంటికే కనపడుతోంది."

"అది చరిత్ర. మీరు కింద వరసలు చూసుకోండి."

కింద వరసలంటే పల్లంలో ఉన్నవి. పైభాగం గుండ్రంగా చెక్కిన పలుచటి రాళ్ళు, ఒకదాని వెనక ఒకటి. వాటికి కర్రలు ఆనించేవాళ్ళు లేరు, బోర్డు మీద బొమ్మలూ లేవు.

మొదట్లో పని బాగానే సాగింది. ఊగే రాయి చేతికి ముందే తెలుస్తుంది, ఊడబోయే పన్ను నాలుకకి తెలిసినట్టు. తోసిన వెంటనే కింద మట్టి సన్నగా వదులుతుంది. అప్పుడు బామ్మర్ది మడతేసిన గోనె రాయి మెడకి చుట్టి తాడు బిగించేవాడు. తోటమాలి రాయిని గుండెకి ఆనించుకుని, ఒళ్ళో ఉన్న మనిషిని దించినట్టు నెమ్మదిగా వెనక్కి, చెక్కల మీదకి దించేవాడు. చెక్కలు లాగేసి, కింద ఇసుక సర్ది, నేలకి సమంగా కూర్చోబెట్టేవాళ్ళు. రాళ్ళని వెనకనుంచి తోస్తారు, పడితే తోసినవాడి మీద కాకుండా ముందుకి పడాలని. వెనకనుంచి చూస్తే ఏ రాయి ఎవరిదో తెలియదు. అన్నీ ఒకటే రాయి.

మధ్యాహ్నం దాటాక అరచేతులు మొద్దుబారాయి. ఊగిందో లేదో చేతికి సరిగ్గా తెలియడం మానేసింది. తెలియకపోతే ఇంకోసారి తోశాడు.

"ఈ వరసంతా పడుకుంటే నా మిషను ఈ చివరనుంచి ఆ చివరకి పడవలా పోతుంది బావా," అన్నాడు బామ్మర్ది తాడు విప్పుతూ. "నీకూ ఆ కత్తెరతో కుస్తీ తప్పుతుంది."

నిలబడి ఉన్న ప్రతి రాయి చుట్టూ గడ్డి మిషనుకి అందదు. మోకాళ్ళ మీద కూర్చుని చేతికత్తెరతో కొయ్యాలి. నాలుగు పక్కలా జరుగుతూ కొయ్యాలి. లేచేటప్పుడు అతని మోకాళ్ళు చేసే చప్పుడుకి బామ్మర్ది ఒక పేరు కూడా పెట్టాడు, మిరపకాయ బజ్జీల బండి అని. నూనెలో వేసినట్టే చిటపటలట.

ఆ వరసలో చివరి రాయి దగ్గరికి వచ్చేసరికి ఎండ చెట్ల కిందికి దిగింది. అరచేతులు పెట్టి తోశాడు. గోడని తోసినట్టు ఉంది.

"గట్టిగానే ఉంది బావా. వదిలెయ్," అన్నాడు బామ్మర్ది. అప్పటికే తాడు చుట్ట చుడుతున్నాడు.

తోటమాలి వెనక్కి తిరిగి చూశాడు. వరసంతా నేలమట్టంగా ఉంది. అందరూ కూర్చున్న బస్సులో ఒక్కడే నిలబడి ఉన్నట్టు ఇది ఒక్కటే ఉంది. దీని ఒక్కదాని కోసం కత్తెర పట్టుకుని ఇక్కడిదాకా దిగి రావాలి. దీని ఒక్కదాని కోసం మిషను చుట్టూ తిరగాలి. అతను పక్కకి తిరిగి భుజం ఆనించాడు. కాళ్ళు నేలలోకి తన్ని పట్టి నెట్టాడు. కదల్లేదు. వదిలి, మళ్ళీ నెట్టాడు. మూడోసారికి కిందెక్కడో మట్టి ముక్క విరిగిన చప్పుడైంది.

"ఊగింది," అన్నాడు.

బామ్మర్ది ఒక క్షణం బావ మొహం చూశాడు. "ఊగింది సరే," అని తాడు మళ్ళీ విప్పాడు.

దించి, ఇసుక సర్ది, రాతి మొహం మీద మట్టి దులుపుతుంటే తోటమాలి చెయ్యి ఆగిపోయింది. రాయంతా బూడిద రంగు పాచి పట్టి ఉంది. కుడి భుజం దగ్గర మాత్రం లేదు. అరచెయ్యంత మేర నున్నగా, పాత బల్ల అంచులా మెరుస్తోంది. అప్పుడు పేరు చదివాడు. చదవకముందే తెలిసిపోయింది.

గుడ్డ ముక్కలతో కుట్టిన సంచీ చేతికి తగిలించుకుని వారానికి రెండుసార్లు వచ్చే ముసలావిడ ఆనుకునే రాయి ఇదే. వాళ్ళిద్దరూ ఆవిడని సంచీ పెద్దమ్మ అనుకునేవాళ్ళు. బస్సు దిగి వచ్చి, సంచీ గడ్డిలో పెట్టి, ఆ రాయి భుజం పట్టుకుని కొంచెం కొంచెంగా కిందికి దిగేది. కాళ్ళు ఒక పక్కకి మడిచి కూర్చుని చాలాసేపు ఏదో చెప్పేది. వెళ్ళేటప్పుడు అదే భుజం పట్టుకుని లేచేది. తోటమాలి ఎన్నిసార్లు చూశాడో. దూరంనుంచే, ముందువైపు నుంచి.

మర్నాడు సూపర్‌వైజరు పల్లం మొదట్లో ఒక బోర్డు పాతించాడు. భద్రత కోసం, ఊగుతున్న రాళ్ళను మాత్రమే దించడమైనది. దయచేసి రాళ్ళకు ఆనుకోవద్దు. ఆ బోర్డు గుంత కూడా తోటమాలే తవ్వాడు.

ఆ మధ్యాహ్నమే ఆవిడ వచ్చింది. అతను మిట్ట మీద కంచె మొక్కలు కత్తిరిస్తున్నాడు. బామ్మర్ది కాస్త దూరంలో మిషను తుడుచుకుంటున్నాడు. కిందికి చూడకూడదనుకున్నాడు గానీ కత్తెర ఆగిపోయింది. ఆవిడ బోర్డు దగ్గర నిలబడి చదివింది. వరస వెంట నడిచింది. చివరకి వెళ్ళి ఆగింది. పడుకున్న రాయిని చూసింది. అటూ ఇటూ చూసింది, ఇంట్లో పింగాణీ గిన్నె పగలగొట్టిన పిల్ల ఎవరైనా చూశారా అని చూసినట్టు. తర్వాత తన కుడి చెయ్యి తిప్పి అరచేతిలోకి చూసుకుంది.

మిట్ట ఎక్కడానికి ఆవిడకి చాలాసేపు పట్టింది. అతను ఎదురువెళ్ళలేదు.

"బాబూ, నీతో ఒక మాట."

"చెప్పండమ్మా."

"ఆఫీసులో ఎవరికీ చెప్పవు కదా?" ఆవిడ రొప్పుతోంది. "ఆ చివరి రాయి. దాన్ని ఊపింది నేనే."

అతను కత్తెర మూశాడు.

"బోర్డు చదివాను. ఊగినవాటినే దించారట. మిగతావి పాపం వానకీ గాలికీ ఊగి ఉంటాయి, చూసేదిక్కు లేక. మా అక్కకి నేనున్నాను కదా. ఉండీ ఊపేశాను. కూర్చున్నా దాన్నే పట్టుకునేదాన్ని, లేచినా దాన్నే. మొన్న కాలు తిమ్మిరెక్కింది, ఒంటి బరువంతా దాని మీద వేసి లేచాను. అప్పుడే కదిలినట్టు అనిపించింది. చూస్తే ఎక్కడ నిజమవుతుందోనని తిరిగి చూడకుండా బస్సుకి పోయాను."

"అదేం..." అన్నాడు తోటమాలి.

"బతికుండగానూ దాని మీదే ఆనుకున్నాను. తల్లి లేనిదాన్నని నన్ను చంకనేసుకునే తిరిగింది. చచ్చాకైనా వదిలానా?" ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుంది. "ఆనుకునే ముసల్ది ఫలానా అని తెలిస్తే గేటు దగ్గరే ఆపేస్తారేమో. నీకు తెలుసు కదా నేనని. నువ్వు చూస్తుంటావు. చెప్పకు బాబూ."

"చెప్పను," అన్నాడు. ఆ ఒక్క మాట నూనె రాసినట్టు జారిపోయింది.

"నీ మేలు మర్చిపోను."

ఆవిడ కళ్ళు అతని పని కోటు మీద పడ్డాయి. జేబు ఒక పక్క చిరిగి నాలుకలా వేలాడుతోంది. కత్తెర పెట్టీ తీసీ చిరిగింది. "అదిలా ఇవ్వు," అంది. వద్దన్నాడు. "ఇవ్వు బాబూ, కుట్టుపని చేసి బతికినదాన్ని. చిరిగింది కనపడితే చేతులు ఊరుకోవు." సంచీలోంచి సూది, నల్లదారం తీసింది. కళ్ళజోడు నుదుటి మీదకి తోసి, సూదిని ఆకాశం వైపు ఎత్తి దారం ఎక్కించింది. పక్కనే బెంచీ ఉంది. ఆవిడ కూర్చోలేదు. దేన్నీ ఆనుకోకుండా దారి మధ్యలో నిలబడి జేబంతా కుట్టి దారం పంటితో తెంపింది. అతను చొక్కాతో నిలబడి కత్తిరించిన కొమ్మలని కాలితో ఒకచోటికి చేర్చాడు.

"తొడుక్కో," అంది. తొడుక్కున్నాడు.

సాయంత్రం ఇంట్లో భార్య కోటు మేకుకి తగిలించబోయి ఆగింది. జేబులో చెయ్యి పెట్టి లోపలినుంచి వేలితో తడిమింది. "ఇది నా కుట్టు కాదు. ఇంత సన్నగా నేను కుట్టలేను. ఎవరు?"

బామ్మర్ది గుమ్మంలో కూర్చుని టీ తాగుతున్నాడు. అతని గది పక్క సందులోనే. టీ మాత్రం ఇక్కడే. "బావకి కొత్త పరిచయం అక్కా. వయసులో కాస్త పెద్దది. ఒక డెబ్భై ఉంటాయి."

"నువ్వు నోరు ముయ్యి," అని భర్త వైపు తిరిగింది. "నువ్వు చెప్పు."

తోటమాలి గ్లాసులోకి చూశాడు. "ఒక ముసలావిడ. ఊరికే కుట్టింది."

"ఊరికే ఎవరూ దారం కూడా ఇవ్వరు."

బామ్మర్ది నవ్వుతూ మొదలుపెట్టాడు. రాయి ఎలా ఊగలేదో, బావ భుజం ఎలా పెట్టాడో, వీధిలోవాళ్ళకి కూడా వినపడేలా చెప్పాడు. ఆవిడ మిట్ట ఎక్కి వచ్చిన దగ్గరికి వచ్చేసరికి నవ్వు తగ్గింది. ఆవిడ అన్న మాటలు అతనికి దూరంనుంచి కొన్నే వినపడ్డాయి. ఆ కొన్నీ చెప్పి ఊరుకున్నాడు. భార్య పొయ్యి మీది గిన్నె దించింది. మళ్ళీ పొయ్యి మీదే పెట్టింది.

"ఆవిడ నేనే పడేశానంటే నువ్వేమన్నావ్?"

"ఏమంటాను."

"అంటే ఏమీ అనలేదన్నమాట."

"ఎవరికీ చెప్పనన్నాను."

ఆమె చాలాసేపు గరిటె తిప్పింది. "పెళ్ళైన కొత్తలో నువ్వు మాట్లాడకపోతే మంచితనం అనుకున్నాను," అంది గిన్నెతోటే. "మా అమ్మతో కూడా చెప్పాను, నోట్లో నాలుక లేని మనిషి, బంగారం అని."

బామ్మర్ది గ్లాసు కడగడానికి లేచాడు. ఎప్పుడూ కడిగింది లేదు.

రెండు రోజులకి ఆవిడ మళ్ళీ వచ్చింది. ఈసారి తోటమాలి పల్లంలోనే ఉన్నాడు. బామ్మర్ది మిషను ఆ వరస మీదుగా అప్పుడే వెళ్ళింది. నిజంగానే పడవలా పోయింది. తెగిన గడ్డి తడిగా రాళ్ళ మీద అంటుకుని ఉంది. ఆవిడ చివరికి వెళ్ళి చేతులు రెండూ వెనక్కి కట్టుకుని నిలబడింది. బట్టల కొట్లో ముట్టుకోవద్దని చెప్పిన పిల్లలా. పెదవులు ఒకసారి కదిలి ఆగిపోయాయి. సంచీ కూడా కింద పెట్టలేదు. అతను ఒక్క మోపు గడ్డి ఎత్తేలోపే తిరిగి వచ్చేసింది.

"అప్పుడే వెళ్తున్నారా?"

"నిలబడితే మాట రావడం లేదు బాబూ. దానితో ఎప్పుడూ కూర్చునే మాట్లాడాను." నవ్వబోయింది. "కూర్చుంటే లేవలేను. లేవాలంటే ఏదో ఒకటి పట్టుకోవాలి. ఏది పట్టుకుంటే ఏది పడుతుందో. ఇంట్లో కూడా కుర్చీ అంచు పట్టుకుంటుంటే అదే గుర్తొస్తోంది."

"అమ్మా..."

"ఇంకొక్కసారి వచ్చి, రానని చెప్పి మానేస్తాను. చెప్పకుండా మానేస్తే ఎదురుచూస్తుంది. పిచ్చిమాటలు అనుకోకు."

ఆవిడ గేటు దాటేదాకా చూసి అతను సూపర్‌వైజరు గదికి వెళ్ళాడు. గదంటే గేటు పక్కన పనిముట్ల కొట్టు. ఒక మూల పారలు, ఇంకో మూల బల్ల, బల్ల మీద ఫ్యాను. సూపర్‌వైజరు క్యారేజీ విప్పుకుంటున్నాడు.

"సార్, కింద ఒక రాయి మళ్ళీ నిలబెట్టమంటారా? చివరిది."

"ఏం, దానికేమొచ్చింది?"

"దాని మనుషులు వస్తారు."

"రానీ. పడుకున్నా పేరు కనపడుతుంది కదా." మూత తీసి వాసన చూశాడు. "ఊగిందాన్ని మళ్ళీ నిలబెట్టి, రేపు అది ఇంకొకడి పాదం మీద పడితే? నీ పూచీనా, నా పూచీనా? ఊగలేదనుకో, అది వేరే మాట. ఊగకుండానే దించారంటే అది మన తప్పు, లేపి తీరాలి. ఊగింది కదా?"

ఫ్యాను ఇటు తిరిగి, అటు తిరిగింది.

"ఊగింది," అన్నాడు తోటమాలి.

"మరింకేం."

బయటకి వచ్చి పంపు దగ్గర మొహం కడుక్కున్నాడు. మళ్ళీ లోపలికి వెళ్ళాలని రెండడుగులు వేశాడు. లోపల సూపర్‌వైజరు ఫోనులో ఎవరితోనో నవ్వుతున్నాడు. మంచి మనిషే. పాపిష్టి మనిషైతే చెప్పడం తేలికయ్యేదేమో. తిరిగి వచ్చి కత్తెర తీసుకున్నాడు.

మర్నాడు గేట్లు తెరవకముందే బామ్మర్దిని లేపుకుని వచ్చాడు. గడ్డపలుగు, పార, ఒక బుట్టెడు కంకర, గోనె. బామ్మర్ది ఆవలిస్తూనే ఉన్నాడు.

"సూపర్‌వైజరు చూస్తే?"

"కిందికి రాడు."

"వస్తే?"

"వస్తే చెబుతాను."

"చెబుతావా? నువ్వా?" అన్నాడు బామ్మర్ది. ఇంకేదో అనబోయి, బావ అప్పటికే మోకాళ్ళ మీద కూర్చోవడం చూసి గోనె పరిచాడు.

రాయిని పక్కకి జరిపి పాత గుంత తవ్వాలి. మొదటి పార తేలిగ్గానే దిగింది. ముందువైపు మట్టి అతను విరగ్గొట్టిందే, పెళ్ళలు పెళ్ళలుగా వచ్చింది. ఎడమవైపు మామూలు నేల. కుడివైపు పార దిగలేదు. టంగుమంది. రాయేదో ఉందనుకుని వేళ్ళతో తోడాడు. రాయి కాదు, మట్టే. కళ్ళంలా గట్టిపడి, నున్నగా, తడి కూడా అంటనంత బిగిసి ఉంది. గడ్డపలుగు మొనతో పొడిస్తే పొడి రాలింది. అతను చెయ్యి ఆ మట్టి మీద పెట్టి అలాగే ఉండిపోయాడు.

"ఏమైంది?"

"ఇటు చూడు."

బామ్మర్ది వంగి చూశాడు. "దిమ్మిస కొట్టినట్టుంది."

"ఆవిడ చెయ్యి."

"ఏంటి?"

"కూర్చున్నప్పుడల్లా, లేచినప్పుడల్లా ఈ వైపే కిందికి నొక్కింది. పక్కకి కాదు, కిందికి. ఇన్నేళ్ళూ." అంత పొడుగు మాట అతను ఆ వారంలో ఆడలేదు. "ఈ వరసలో దీనంత గట్టిరాయి లేదు."

బామ్మర్ది ఆ మట్టిని మునివేళ్ళతో తట్టి చూశాడు.

ఇద్దరూ కలిసి రాయిని లేపారు. దించడం కంటే లేపడం కష్టం. గోనె మీద పాదం జారి ఒకసారి తోటమాలి మోచెయ్యి చెక్కుకుపోయింది. నిలబెట్టాక బామ్మర్ది రెండు చేతులతో పట్టుకుంటే అతను చుట్టూ కంకర పోసి, గడ్డపలుగు తిరగేసి మొద్దుతో దట్టించాడు. కొంచెం మట్టి, కొంచెం కంకర, మళ్ళీ దట్టింపు. కుడివైపు గట్టి మట్టిని మాత్రం కదపలేదు. దాని మీదే రాయిని తిరిగి కూర్చోబెట్టాడు. అయ్యాక అరచేతులు పెట్టి ఒక్కసారి తోశాడు. ఊగలేదు.

ఆవిడ ఆ మధ్యాహ్నం రాలేదు. తర్వాతి రోజు వచ్చింది. అతను పొద్దుటినుంచీ పల్లంలోనే ఏదో ఒక పని కల్పించుకుని ఉన్నాడు. ఆవిడ వరస సగానికి వచ్చాక తల ఎత్తి చూసి నిలబడిపోయింది.

"ఎవరు లేపారు?"

"నేనే."

"నాకోసమా?" ఆవిడ కళ్ళు నిండాయి. "ఎంత మంచివాడివి బాబూ. ఎవరి కన్నకొడుకువో."

"కూర్చోండమ్మా."

"వద్దులే. నిలబడింది, అంతే చాలు." దగ్గరికి వచ్చింది గానీ సంచీని రెండు చేతులతో పొట్టకి అదుముకుంది. "ఇక దీని జోలికి రాను. అది చెప్పిపోదామనే వచ్చాను."

"గట్టిగా ఉంది. పట్టుకోండి. చూడండి." అతను రాయి మీద ఒంటి బరువంతా వేసి చూపించాడు.

"నువ్వు లేపావు, నీ మాట వింటుంది. నా చెయ్యి మంచిది కాదు." రాయి వైపు తిరిగి గొంతు సవరించుకుంది. "అక్కా, నేను ఇంక..."

"మీరు పడెయ్యలేదు," అన్నాడు తోటమాలి.

"ఓదార్చకు బాబూ."

"ఓదార్పు కాదమ్మా. నేను పడేశాను." గొంతు అతనిది కానట్టు వచ్చింది. ఆపితే మళ్ళీ రాదని తెలుసు. "ఒకసారి తోశాను, ఊగలేదు. వదిలెయ్యాలి. వదల్లేదు. ఇదొక్కటి నిలబడి ఉంటే దీని చుట్టూ గడ్డి మోకాళ్ళ మీద కూర్చుని కొయ్యాలి. బద్ధకించాను. భుజం పెట్టి మూడుసార్లు నెట్టాను. వెనకనుంచి నెట్టాను, ఎవరిదో చూడలేదు. మీ చేతివల్ల వదులవ్వలేదు, బిగిసింది. మీరు పట్టుకునే వైపు మట్టి రాయిలా ఉంది. నా చేతులతో తవ్వి చూశాను."

గాలికి సంచీ అంచు ఒకటి లేచి పడింది.

"నేను వచ్చి నీతో చెప్పినరోజు," అంది ఆవిడ నెమ్మదిగా, "నీకు తెలుసు."

"తెలుసు."

"ఎవరికీ చెప్పనన్నావు."

"అన్నాను."

"ఎవరి సంగతి చెప్పనన్నావు బాబూ? నాదా, నీదా?"

అతను తల దించుకున్నాడు. ఆవిడ తిడుతుందనుకున్నాడు. తిడితే బాగుండుననుకున్నాడు. ఆవిడ అతని వైపు చూడడం మానేసి వరస వైపు చూసింది, పడుకున్న రాళ్ళ వెంట ఆ చివరిదాకా.

"ఇవి?"

"ఏవమ్మా?"

"ఇవన్నీ. ఇవి ఊగాయా?"

తోటమాలి కూడా చూశాడు. ఇన్ని రోజులుగా ఆ వరస మీదుగా నడుస్తూనే ఉన్నాడు. నిద్రలో కూడా చివరి రాయే కనపడింది. వీటికోసం ఎవరూ రాలేదు. బోర్డు చదివి మిట్ట ఎక్కి వచ్చినవాళ్ళు లేరు.

"కొన్ని ఊగాయి."

"ఏవి?"

అతను ఒకదాన్ని చూశాడు. దాని పక్కదాన్ని చూశాడు. మొద్దుబారిన అరచేతులు గుర్తొచ్చాయి గానీ ఏ రాయి దగ్గర మొద్దుబారాయో గుర్తు రాలేదు.

"తెలీదమ్మా," అన్నాడు.

ఆవిడ సంచీ గడ్డిలో పెట్టింది. కుడి చెయ్యి చాచి, నున్నటి చోట అరచెయ్యి ఆనించింది. కొంచెం నొక్కింది. ఇంకొంచెం నొక్కింది. తర్వాత ఒంటి బరువంతా ఆ చేతి మీదకి వదిలి, మోకాళ్ళు మడుస్తూ, మధ్యలో ఒకసారి ఆగి ఊపిరి తీసుకుని, కిందికి దిగి కూర్చుంది. కాళ్ళు పక్కకి సర్దుకుంది. అతనికి ఆవిడ వీపు మాత్రమే కనపడుతోంది.

"అక్కా," అంది. రాయి వైపు ఇంకొంచెం వంగింది. "నేను కాదటే."

వీపు అదిరింది. తోటమాలి కత్తెర కోసం వంగి, తీసుకోకుండానే లేచాడు. వెళ్ళొస్తానని కూడా అనలేకపోయాడు. నాలుగడుగులు వేశాడో లేదో వెనకనుంచి పిలుపు వచ్చింది. ఆవిడ తల తిప్పలేదు.

"ఎక్కడికి? మా అక్క పక్కన ఎవరున్నారో నాకు ఇన్నేళ్ళూ తెలీదు. ఆ రాయి మీద పేరేముందో చదువు. గట్టిగా చదువు, నాకు చెవులు సరిగ్గా వినపడవు."

అతను వెనక్కి వచ్చి పక్క రాయి దగ్గర కూర్చున్నాడు. మిషను తెంచిన గడ్డి ఎండి అక్షరాల మీద అతుక్కుపోయింది. అంచుల వెంట అప్పుడే పచ్చగడ్డి రాతి మీదకి పాకుతోంది. అరచేత్తో తుడిచాడు. గోటితో గీకాడు. పేరు చదివాడు.

"ఇది ఊగిందా?"

"ఊగింది. ఇది నిజంగానే ఊగింది."

"తర్వాతది."

పక్కకి జరిగి తుడిచాడు. ఒక మగమనిషి పేరు, దాని కింద భార్య పేరు, ఇద్దరికీ కలిపి ఒకటే రాయి. రెండూ చదివాడు.

"ఇది?"

తోటమాలి రాయి మీద చెయ్యి అలాగే ఉంచి చాలాసేపు ఆలోచించాడు. ఆవిడ తొందరపెట్టలేదు.

"గుర్తు లేదమ్మా."

"సరే," అంది ఆవిడ. "తర్వాతది చదువు."